రాహుకాలంలో ఫ్రెంచి

చిలకలేరు పురపాలక సంఘం కార్యాలయంలో రాహుకాలం వచ్చిందంటే ఫ్యాను తిరిగే చప్పుడు కూడా వినపడుతుంది. ఆ గంటన్నరలో ఇంటి ప్లానుకి దరఖాస్తు పెట్టేవాడుండడు, కాంట్రాక్టు కాగితం మీద సంతకం చేసేవాడుండడు, కుళాయి కనెక్షను అడిగేవాడూ ఉండడు. మేనేజరు కాశీపతిగారైతే పెన్నుకి మూత పెట్టి, కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలిపోతారు. దాన్ని నిద్ర అంటే ఆయన ఒప్పుకోరు. ఫైళ్ళను నిలుపుదల చేయడం అంటారు.

జనన మరణ విభాగంలో సీనియర్ అసిస్టెంటు మంగతాయారు మాత్రం ఆ గంటన్నర కోసమే ఆఫీసుకి వచ్చేది. పుట్టిన బిడ్డ సర్టిఫికెట్టు రాహుకాలంలో తీసుకునే తల్లిదండ్రులు ఆ ఊళ్ళో లేరు కాబట్టి కౌంటరు ఖాళీ. రిజిస్టరు తెరిచి, దాని మధ్యలో ఫ్రెంచి వాచకం పెట్టి, ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుంటే ఆవిడకి లోకం పట్టేది కాదు.

రాహుకాలం రోజుకో వేళకి వస్తుంది. మామూలు మనుషులకి అదో చిరాకు. మంగతాయారుకి అదే టైంటేబులు. బుధవారం సరిగ్గా భోజనాల వేళకి వస్తుంది, కాబట్టి ఆ రోజు డబ్బాలో పులిహోరే. ఒక చేత్తో తినొచ్చు, రెండో చేత్తో పేజీ తిప్పొచ్చు. సోమవారం పొద్దున్నే, వంట వేళకి వస్తుంది, కాబట్టి ఆదివారమే కూరలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టేసి, దోసెలు పోసే పని భర్త లింగమూర్తికి అప్పగించింది. ఆయనకి బస్టాండు దగ్గర జెరాక్సు షాపు. మొదటి వారం ఆయన పోసిన దోసెలు పెనాన్ని వదిలి రాలేదు. రెండో వారం సగం సగం రావడం మొదలుపెట్టాయి.

"నీ ఫ్రెంచి సంగతేమోగానీ నాకు మాత్రం వంట వచ్చేసేలా ఉందే," అన్నాడాయన.

ఈ వయసులో ఫ్రెంచి ఎందుకో మంగతాయారుకి మాత్రం తెలుసు. ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రాసిన పరీక్షలన్నీ ఇంక్రిమెంటు కోసమో ప్రమోషను కోసమో రాసినవే. ఒక్కటీ ఇష్టపడి చదివింది కాదు. ఈ ఫ్రెంచి దేనికీ పనికిరాదు. పనికిరాదు కాబట్టే అది పూర్తిగా తనది. అలా ఆఫీసులో ఎవరికీ చెప్పకుండా ఇరవై రెండు పాఠాలు నమిలేసింది. ఇరవై మూడో పాఠంలో ఓ రొట్టెలమ్ముకునే ఆవిడ గాడిద సంతలో తప్పిపోయింది. గాడిద కోసం ఆవిడ వీధి వీధీ తిరుగుతుండగా, మంగతాయారు మీద ఓ నీడ పడింది.

తలెత్తి చూస్తే కమిషనర్ త్రివిక్రమవర్మగారు.

"ఏమిటది?" అన్నారాయన.

"రిజిస్టరండీ."

"రిజిస్టర్లో గాడిద బొమ్మ ఎందుకుంది?"

ఇక దాచడానికేం లేదు. మంగతాయారు లేచి నిలబడి, మెమో ఏ రంగు కవర్లో వస్తుందా అని ఆలోచిస్తోంది. కానీ కమిషనర్‌గారి మొహం వెలిగిపోయింది. ఆయన ఆ ఉదయమే రాజధాని నుంచి ఓ ఒప్పందంతో వచ్చారు. ఫ్రాన్సులో సాంత్ మార్లో అనే చిన్న ఊరికీ చిలకలేరుకీ చెలిమి కుదిరింది. రెండు ఊళ్ళ మధ్యనుంచీ కాలవ పోతుంది, రెండు కాలవలూ పూడిపోతున్నాయి. ఆపాటి పోలిక చాలనుకున్నారు పెద్దలు. కొన్నాళ్ళలో అక్కడి పెద్దలు వచ్చి చూస్తారు. ఈలోగా సిబ్బంది యావన్మందీ ఫ్రెంచి నేర్వాలని ఆయన సంకల్పించారు. అడ్డొచ్చింది ఒక్కటే. సమయం.

"సమయం ఎక్కడిదమ్మా నీకు?" అని అడిగారాయన, దొంగసొత్తు గురించి అడిగినట్టు.

"రాహుకాలంలో ఎవరూ రారండి. ఊరికే ఉండడం ఎందుకని..."

కమిషనర్‌గారు హాలు నాలుగు పక్కలా చూశారు. ఓ మూల కాశీపతిగారు ఫైళ్ళను గాఢంగా నిలుపుదల చేస్తున్నారు. రెవెన్యూ సెక్షన్‌లో ఇద్దరు గోళ్ళు కత్తిరించుకుంటున్నారు. ఆయన కళ్ళకి అదంతా బీడు పడ్డ పొలంలా కనపడింది.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, కార్యాలయ ఆవరణలో ప్రతిదినము నిరుపయోగముగా పడియున్న రాహుకాలమును స్వాధీనపరచుకొని, ఫ్రెంచి భాషాభ్యసన నిమిత్తము వినియోగించుటకు నిర్ణయించడమైనది. సదరు కాలమును ఇప్పటివరకు సొంతానికి వాడుకొనుచున్న సిబ్బంది, దానిని తక్షణమే కార్యాలయమునకు అప్పగించవలెను."

సొంతానికి వాడుకుంటున్న సిబ్బంది ఎవరో అప్పటికే ఊరంతటికీ తెలిసిపోయింది. అయినా మంగతాయారు మొదట సంతోషించింది. రిజిస్టరు చాటున కాకుండా బాహాటంగా చదువుకోవచ్చు, మాట్లాడుకోవడానికి పక్కన నలుగురు ఉంటారు అనుకుంది. పాపం, ఆవిడ ఆఫీసులో అంతకాలంగా పనిచేస్తూ కూడా అలా అనుకుంది.

చిక్కు మొదటి సమావేశంలోనే వచ్చింది. కాశీపతిగారు లేచి, "అయ్యా, రాహుకాలంలో కొత్త పని ఏదీ మొదలెట్టకూడదండీ. అందులోనూ చదువు!" అన్నారు.

కమిషనర్‌గారు ఆధునికులే. కానీ మొదలెట్టి ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది? సలహా కోసం సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన వేళ్ళు మడిచి తెరిచి, "మొదలెట్టకూడదు గానీ, మంచి ముహూర్తంలో మొదలెట్టేసినదాన్ని కొనసాగించడానికి అభ్యంతరం లేదు బాబూ," అని తేల్చారు. ఆ మాటని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత జరిగిందానికంతా ఆ వాక్యమే కారణం.

మూఢం మర్నాడే వస్తోందని, ఆలస్యం చేయకుండా గురువారం పొద్దున్నే సామూహిక అక్షరాభ్యాసం పెట్టారు. పళ్ళెంలో బియ్యం, పలక, బలపం. కమిషనర్‌గారిని ఎవరైనా పెద్దవాళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలన్నారు సిద్ధాంతిగారు. ఆయన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునే హోదా గల అధికారి జిల్లాలో కలెక్టరుగారు ఒక్కరే. ఆవిడ ఒప్పుకోలేదు. కుర్చీలోనే కానిచ్చారు. ముహూర్తం పట్టుమని పది నిమిషాలుంటే, చిలకలేరు చరిత్రలో ఈ దినం అంటూ కమిషనర్‌గారే అందులో తొమ్మిది తినేశారు. మంగతాయారు గబగబా లేచి "బోంజూర్" అంది. అందరూ "బోంజూర్" అన్నారు. ముహూర్తం దాటిపోయింది.

అంటే శాస్త్రప్రకారం చిలకలేరు పురపాలక సంఘంలో మొదలైన ఫ్రెంచి ఒక్క మాట. కొనసాగించడానికి అనుమతి ఉన్నదీ ఆ ఒక్క మాటే.

మర్నాడు తరగతిలో మంగతాయారు నల్లబల్ల మీద "నా పేరు ఫలానా" అని ఫ్రెంచిలో రాయబోయింది. కాశీపతిగారు చెయ్యెత్తారు.

"ఆ వాక్యం ఎప్పుడు ప్రారంభమైందండీ?"

"ఇప్పుడేనండి."

"రాహుకాలంలోనా! తుడిచేయండి, తుడిచేయండి!"

తుడిచేసింది. రెండో పాఠానికి ముహూర్తం ఎప్పుడని సిద్ధాంతిగారిని అడిగితే, మూఢం పోవాలన్నారు. మూఢం పోయేసరికి అధిక ఆషాఢం వచ్చింది. అది పోతే అసలు ఆషాఢం వచ్చింది. ఇన్నాళ్ళూ సిబ్బంది అంతా రోజూ, సోమవారమైతే పొద్దున్నే వచ్చి మరీ, గంటన్నరసేపు కౌన్సిల్ హాల్లో బెంచీల మీద కూర్చుని, "బోంజూర్" అంటూనే ఉన్నారు. మొదట్లో నవ్వుతూ అన్నారు. తర్వాత నీరసంగా అన్నారు. ఆ తర్వాత పారిశుద్ధ్య విభాగం వాళ్ళు దానికో వరస కట్టారు, ఇంజనీరింగు వాళ్ళు బల్లల మీద దరువేశారు.

మంగతాయారుకి 'బోంజూర్ పర్యవేక్షకురాలు' అనే అదనపు బాధ్యత అప్పగించారు. వరసల మధ్య తిరుగుతూ ఎవరి పెదాలు కదులుతున్నాయో, ఎవరివి కదలడం లేదో చూడటం ఆవిడ పని. ఆ గంటన్నరా అందులోనే పోయేది. ఓ రోజు ఉండబట్టలేక కమిషనర్‌గారి దగ్గరికెళ్ళి, "అయ్యా, నాకు ఇరవై రెండు పాఠాలు వచ్చండి. నన్ను వదిలేస్తే ఓ మూల కూర్చుని మిగతావి చదువుకుంటాను," అని బతిమాలింది.

"ఆ ఇరవై రెండూ ఏ ముహూర్తంలో మొదలెట్టారు?"

"ముహూర్తం అంటూ ఏం లేదండి. రాహుకాలంలోనే..."

ఆయన జాలిగా తల ఊపారు. "చూడమ్మా, అనుమతి లేకుండా ఇరవై రెండు అంతస్తులు కట్టుకుంటే మనం ఏమంటాం? అక్రమ నిర్మాణం అంటాం. నీ ఫ్రెంచి కూడా అలాంటిదే. క్రమబద్ధీకరణకి దరఖాస్తు పెట్టుకో. పరిశీలిస్తాం. అప్పటిదాకా అధికారిక కార్యక్రమాల్లో నువ్వు బోంజూర్ దాటి మాట్లాడటానికి వీల్లేదు."

ఆవిడ దరఖాస్తు పెట్టింది. అది టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్ళింది. వాళ్ళు సెట్‌బ్యాకు వివరాలు, అంటే చుట్టూ ఎంత ఖాళీ వదిలారో, జతచేయలేదని తిప్పి పంపారు.

ఇంతలో పథకం ఇళ్ళదాకా పాకింది. ఆదివారం రాహుకాలం సాయంత్రం పూట వస్తుంది, ఆఫీసుకి సెలవు. సెలవని కొనసాగింపు తెగిపోతే మళ్ళీ ముహూర్తం పెట్టాల్సి వస్తుందని కాశీపతిగారు భయపడ్డారు. అందుకని చెత్తబండ్లకి మైకులు కట్టి ఉద్యోగుల వీధుల్లోకి పంపారు. బండి "బోంజూర్" అంటుంది, ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి "బోంజూర్" అనాలి. పక్కింటివాళ్ళు చెత్తబుట్టలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. లింగమూర్తి రెండు వారాలు ఓపిక పట్టి, మూడో వారం మైకులోకే అడిగేశాడు, "ఏవయ్యా, ఇంతకీ తడి చెత్తా, పొడి చెత్తా?"

ఆషాఢంలోనే పెద్ద బజారు దగ్గర మంచినీళ్ళ పైపు పగిలింది. రాహుకాలం మధ్యలో పగిలింది. పైపు బాగుచేసే సిబ్బంది హాల్లో దరువు మీద ఉన్నారు. బట్టల కొట్ల వాళ్ళు పంచెలు పైకి కట్టుకుని ఆఫీసు మీదికొచ్చారు. కమిషనర్‌గారు కిటికీలోంచి శాంతంగా బదులిచ్చారు. "మరమ్మత్తు ఇప్పుడు చేపడితే అది కొత్తగా మొదలెట్టిన పని అవుతుంది. రాహుకాలంలో మొదలెట్టిన మరమ్మత్తు నిలుస్తుందా? మీరే చెప్పండి." కొట్లవాళ్ళు తడి పంచెలతో నిలబడి ఆలోచించారు. అందులో సగంమంది, అదీ నిజమే సుమా అనుకుంటూ వెళ్ళిపోయారు.

మంగతాయారు బాధ మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇంటి పనీ ఆఫీసు పనీ అటూ ఇటూ జరిపి, పులిహోరలు కలిపి, మొగుడికి దోసెలు నేర్పి సంపాదించుకున్న గంటన్నర. అది గవర్నమెంటు పరమైంది. వాచకం సొరుగులో పడి ఉంది. రాత్రి పడుకోబోతూ తీస్తే రెండో వాక్యానికే రెప్పలు వాలేవి. చదివిన పాఠాలు ఒక్కొక్కటే మరుపున పడుతుంటే ఆవిడకి ఏడుపొచ్చేది.

"ఏవే, ఆ గాడిద దొరికిందా?" అని లింగమూర్తి అడిగాడోసారి.

"నాకు తీరిక దొరికితే కదా, ఆవిడకి అది దొరికేది," అంది విసురుగా.

శ్రావణం వస్తూనే రెండో పాఠానికి ముహూర్తం పెట్టుకున్నారు. కానీ సాంత్ మార్లో వాళ్ళకి మన పంచాంగం తెలియదు. ఆషాఢం ఆఖరి శుక్రవారం దిగిపోయారు. భోజనాల వేళకి రావలసినవాళ్ళు, దారిలో రోడ్డు ఎవరో పొరపాటున బాగుచేసి ఉండటంతో, పదకొండింటికే వచ్చేశారు. శుక్రవారం పదకొండంటే రాహుకాలం నడిమధ్య.

గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలకొండ చెయ్యి అడ్డం పెట్టాడు. వెనకాల బోర్డు ఉంది: 'ఫ్రెంచి జరుగుచున్నది. ఇతరులకు ప్రవేశము లేదు.'

హాల్లో వరసల మధ్య తిరుగుతున్న మంగతాయారుకి కిటికీలోంచి గేటు దగ్గర ముగ్గురు తెల్లవాళ్ళు ఎండలో నిలబడి కనపడ్డారు. ముందున్నావిడ తెల్లజుట్టుది, టోపీతో విసురుకుంటోంది. మంగతాయారు కమిషనర్‌గారి దగ్గరికి వంగి చెవిలో చెప్పింది.

"వాళ్ళు వచ్చేశారండి."

"రానీ. స్వాగతం పన్నెండు దాటాకే," అన్నారాయన పెదాలు కదపడం ఆపకుండానే. "ఆషాఢమైనా సరిపెట్టుకోవచ్చు గానీ, రాహుకాలంలో స్వాగతం మొదలెట్టడం కుదరదు. పైగా తరగతి మధ్యలో లేస్తే కొనసాగింపు తెగుతుంది. బోంజూర్."

మంగతాయారు జీవితంలో అడగకుండా సీటు వదిలి వెళ్ళింది లేదు. ఆ రోజు వెళ్ళింది.

"అమ్మా, మీరు లోపలికెల్లండి, నన్ను తిడతారు," అన్నాడు అప్పలకొండ.

"లోపలికి వీళ్ళని తీసుకెళ్ళడం లేదులే. నేనే బయటికొచ్చాను," అంది.

గేటు బయట వేపచెట్టు కింద సోడాబండి పక్కన బల్ల ఉంది. ముగ్గురినీ అక్కడ కూర్చోబెట్టి నిమ్మసోడాలు ఇప్పించింది. మొదటి వాక్యానికి నాలుక మడత పడింది. రెండోది తప్పుల తడకగా వచ్చింది. తెల్లజుట్టావిడ పేరు మదాం క్లోదిన్. ఆవిడ నవ్వలేదు, తప్పులు దిద్దలేదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా వింది. మూడో వాక్యానికి ఆవిడ బదులు చెప్పింది. ఆ బదులు మంగతాయారుకి అర్థమైంది! కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ పుస్తకంలో బొమ్మలు మాట్లాడుకున్న భాషలో, ఎదురుగా ఓ మనిషి తనతో మాట్లాడుతోంది. సంతోషం పట్టలేక సోడా ఒలకబోసుకుంది.

కాలవల గురించి మాట్లాడుకున్నారు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. సాంత్ మార్లోలో కూడా మొగుళ్ళకి రొట్టె కాల్చడం నేర్పడానికి మూడు వారాలు పడుతుందట. లోపల్నుంచి దరువూ, వందల గొంతులూ వినపడుతుంటే మదాం క్లోదిన్ అడిగింది, వాళ్ళందరూ ఏం చేస్తున్నారని.

"మీకు స్వాగతం చెప్పడం నేర్చుకుంటున్నారు," అంది మంగతాయారు ఫ్రెంచిలో.

"మరి మేం వచ్చేశాం కదా?"

"అది వాళ్ళకి తెలుసు."

పన్నెండు దాటగానే తలుపులు తెరుచుకున్నాయి. పూలదండలతో, దరువుతో, యావత్ పురపాలక సంఘం "బోంజూర్" అని ఒక్క గొంతుతో అరిచింది. కరెంటు తీగల మీది కాకులన్నీ లేచిపోయాయి. మదాం క్లోదిన్ పొంగిపోయి, అయిదు నిమిషాలు ఫ్రెంచిలో ఆప్యాయంగా మాట్లాడింది. ఆపి, జవాబు కోసం చూసింది. మంగతాయారు నోరు తెరవబోతే కమిషనర్‌గారు కళ్ళతోనే ఆపారు. అక్రమ నిర్మాణం. చివరికి వెనక బెంచీ నుంచి ఎవరో ధైర్యం చేసి "బోంజూర్" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అతిథులు వెళ్ళిపోయాక పర్యటన ఘనవిజయం సాధించిందని పత్రికా ప్రకటన వెలువడింది. మంగతాయారుకి మెమో వచ్చింది. "ఫ్రెంచి తరగతి జరుగుచున్న సమయమున, తరగతిని విడిచి బయటికి పోయి, ఫ్రెంచి దేశస్థులతో ఫ్రెంచిలో మాట్లాడుచూ పట్టుబడినందున, తమపై క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెను."

విచారణాధికారి కాశీపతిగారే.

"మాట్లాడిన మాట నిజమేనా?"

"నిజమేనండి."

"ఎంతసేపు?"

"రాహుకాలం అయిపోయేదాకా."

"బోంజూర్ కాకుండా ఇంకేమైనా మాట్లాడారా?"

"చాలా మాట్లాడానండి."

కాశీపతిగారు కళ్ళజోడు తీసేశారు. "ఏవండీ మంగతాయారుగారూ, ఇంత కష్టపడి ఊరంతా ఒక్కమాట మీద నిలబడితే, మీరొక్కరూ ఇలా ఇష్టమొచ్చినట్టు మాట్లాడేస్తే ఎలాగండీ?"

"పొరపాటేనండి," అంది ఆవిడ. కానీ గొంతులో పొరపాటు లేదు.

శిక్ష కఠినంగానే పడింది. మంగతాయారు ఏడాదిపాటు ఫ్రెంచి తరగతులకి అనర్హురాలు. తరగతి జరిగినంతసేపూ తన సీట్లోనే ఒంటరిగా కూర్చోవాలి. ఆ వేళ ఆవిడకి ఏ పనీ చెప్పకూడదు, ఏ ఫైలూ ఇవ్వకూడదు, ఎవరూ పలకరించకూడదు. ఉత్తర్వు చదివి వినిపిస్తున్నప్పుడు మహిళా సిబ్బంది కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాటి రాహుకాలానికి గంట మోగింది. అందరూ హాల్లోకి వెళ్ళిపోయారు. మంగతాయారు సొరుగు తెరిచి వాచకం తీసి, ఈసారి రిజిస్టరు అడ్డం లేకుండా బల్ల మీదే పెట్టుకుంది. గాడిద దొరికింది. చర్చి వెనకాల గడ్డి మేస్తూ ఉంది. ఆవిడ గట్టిగా నవ్వింది. ఖాళీ ఆఫీసులో ఆ నవ్వు వినేవాళ్ళెవరూ లేరు. ఆ వారంలోనే ఇరవై ఆరో పాఠానికి వచ్చేసింది. బుధవారం పులిహోర కూడా రెండు చేతులా తింది.

శ్రావణం వచ్చినా, రెండో పాఠం చెప్పేవాళ్ళు లేక, హాల్లో బోంజూరే సాగుతోంది. రెండో వారంలో ఓ సాయంత్రం ఆవిడ సంచి సర్దుకుంటుంటే కాశీపతిగారు వచ్చి పక్కన నిలబడ్డారు. అటూ ఇటూ చూశారు. మొహం బాగా పీక్కుపోయి ఉంది. ఇన్ని నెలల్లో ఆయన రాహుకాలంలో ఒక్క కునుకు కూడా తీయలేదు.

"అమ్మా, ఒక్కమాట. ఈ అనర్హత ఉంది చూశారూ... ఇది నాలాంటి వాడికి రావాలంటే ఎలాగండీ?"

"చాలా సులువండి. తరగతి వేళ బయటికెళ్ళి ఫ్రెంచిలో మాట్లాడుతూ దొరికిపోవాలి."

"అంతేనా?"

"అంతే. బోంజూర్ ఒక్కటే అయితే చెల్లదు. పూర్తి వాక్యాలు ఉండాలి."

కాశీపతిగారు సందర్శకుల కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని, జేబులోంచి పెన్ను తీసి మూత విప్పారు. ఆయన వెనకాల గుమ్మంలో రెవెన్యూ సెక్షన్ ఇద్దరూ, పారిశుద్ధ్య విభాగం మొత్తమూ బారులు తీరి నిలబడి ఉన్నారు.

"రాహుకాలం దాటిపోయిందిగా," అన్నారు కాశీపతిగారు. "మొదలెట్టండి."